పాత రన్‌ను ఆపాలా, వరుసలో నిలపాలా? సీఐలో ఏకకాల రన్‌ల విషయంలో ఎంపిక సలహా

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో మేము ఐదుగురం కలిసి నడుపుతున్న చిన్న సాఫ్ట్‌వేర్ బృందానికి ప్రధానమైన పని రొయ్యల రైతులకు సంబంధించినది. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు మండలాల రైతులు పొద్దున్నే గుంటల దగ్గరికి వెళ్లే ముందు మా యాప్‌లో ఆనాటి కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధరలు చూసుకుంటారు. ఒకరోజు తెల్లవారేసరికి ధరల పేజీలో 100 కౌంట్ వరుస కనబడలేదు. అంతకుముందు రాత్రే నేను ఆ లోపాన్ని సరిచేసి మెర్జ్ చేశాను, అంటే ప్రధాన కోడ్‌లో కలిపాను. కోడ్ మారినప్పుడల్లా దాన్ని తనంతట తానే పరీక్షించి సర్వర్‌కు పంపే సీఐ పైప్‌లైన్ పచ్చ టిక్కుతో ముగియడం చూసిన తరువాతే పడుకున్నాను. ఉదయం లాగ్‌లు తెరిచి చూస్తే సంగతి తెలిసింది. నాకంటే నాలుగు నిమిషాల ముందు సహోద్యోగి చేసిన మెర్జ్ తాలూకు డిప్లాయ్‌మెంట్ (కోడ్‌ను సర్వర్ మీద పెట్టే పని) ప్యాకేజీలు దించుకునే దగ్గర ఆలస్యమై, నా డిప్లాయ్‌మెంట్ పూర్తయిన తరువాత ముగిసింది. రెండు రన్‌లూ, అంటే పైప్‌లైన్ నడిచిన రెండుసార్లూ, విజయవంతమయ్యాయి. సర్వర్ మీద మాత్రం పాత కోడ్ నిలిచింది.

ఆ రోజు నుంచి ఏకకాల రన్‌ల అమరికను నేను పైపై సౌకర్యంగా చూడడం మానేశాను. గిట్‌హబ్ యాక్షన్స్, గిట్‌ల్యాబ్ సీఐ, జెంకిన్స్ అనే మూడు సీఐ సాధనాల్లో దేనినైనా వాడుతున్న చిన్న బృందాలు ఏ పనికి ఏ పద్ధతి ఎంచుకోవాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఏ సాధనం గొప్పదన్న చర్చకన్నా ముందు ప్రతి జాబ్ (రన్‌లో ఒక్కో పని) గురించీ ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ పని సగంలో ఆగిపోతే బయటి ప్రపంచంలో ఏమైనా మిగిలిపోతుందా? ఏమీ మిగలకపోతే కొత్త రన్ రాగానే పాతదాన్ని నిర్భయంగా రద్దు చేయవచ్చు. డేటాబేస్‌లో సగం మార్పో, సర్వర్ మీద సగం ఫైళ్లో మిగిలిపోయేటట్లయితే రద్దు అనే మాటే ఎత్తకూడదు, వరుసలో నిలపాలి. ఆ వరుసలో మళ్లీ రెండు చిక్కులు దాగి ఉన్నాయి. మాకు దెబ్బ తగిలింది వాటి వల్లనే కాబట్టి వాటిని వివరంగా చెబుతాను.

ముందుగా తేలికైన భాగం, అంటే పుల్ రిక్వెస్ట్ (మార్పును మెర్జ్ చేయమని పంపే విన్నపం) మీద నడిచే పరీక్షలు, లింట్ (కోడ్ రాతలో తప్పుల తనిఖీ), బిల్డ్ తనిఖీలు. ఒకరు అయిదు నిమిషాలకు ఒకసారి చొప్పున అయిదుసార్లు కొత్త కోడ్ పుష్ చేశారనుకుందాం. పరీక్షలకు పన్నెండు నిమిషాలు పడుతుందనుకుందాం. ఏ అమరికా లేకపోతే అయిదు రన్‌లూ చివరిదాకా నడిచి 60 నిమిషాలు ఖర్చవుతాయి. పాతవి రద్దయితే మొదటి నాలుగూ తలా అయిదు నిమిషాల దగ్గర ఆగి, చివరిది ఒక్కటే పూర్తవుతుంది కాబట్టి 32 నిమిషాలతో సరిపోతుంది. గిట్‌హబ్ ఉచిత ఖాతాలో ప్రైవేటు రిపాజిటరీలకు (కోడ్ నిల్వలకు) నెలకు 2,000 నిమిషాలు, గిట్‌ల్యాబ్ డాట్ కామ్ ఉచిత ఖాతాలో 400 నిమిషాలు ఇస్తారు కనుక, జీతాలకే చూసి చూసి ఖర్చుపెట్టే బృందాలకు ఇది చిన్న తేడా కాదు. పైగా గిట్‌హబ్‌లో ప్రతి జాబ్ వ్యవధినీ పై నిమిషానికి సవరించి లెక్కిస్తారు, రద్దయిన జాబ్ అప్పటిదాకా వాడిన నిమిషాలు కూడా ఖాతాలోనే పడతాయి. అందువల్ల పరీక్షలను మరీ చిన్న చిన్న జాబ్‌లుగా ముక్కలు చేసి, ఆపై రద్దు అమరిక పెట్టినంత మాత్రాన ఆశించిన పొదుపు రాదు.

గిట్‌హబ్‌లో ఇందుకు వర్క్‌ఫ్లో ఫైల్‌లో (ఏయే జాబ్‌లు నడవాలో రాసే ఫైల్) కాంకరెన్సీ అనే విభాగం రాసి, అందులో ఒక గ్రూప్ పేరు ఇచ్చి (ఒకే గ్రూపులోని రన్‌లు ఒకేసారి నడవవు), క్యాన్సిల్ ఇన్ ప్రోగ్రెస్ అనే అంశాన్ని ట్రూ అని పెట్టాలి. అసలు జాగ్రత్త ఆ గ్రూప్ పేరు పెట్టడంలో ఉంది. గ్రూపులు రిపాజిటరీ అంతటికీ ఉమ్మడివి కాబట్టి, రెండు వేర్వేరు వర్క్‌ఫ్లోలకు ఒకే పేరు పడితే ఒకటి మరొకదాన్ని రద్దు చేస్తుంది. పెద్దక్షరాలు, చిన్నక్షరాల తేడా కూడా ఇక్కడ లెక్కలోకి రాదు. అందువల్ల పేరులో వర్క్‌ఫ్లో పేరును తప్పనిసరిగా చేర్చాలి. రెండో భాగంగా చాలామంది హెడ్ రెఫ్ అనే విలువను, అంటే మార్పు వచ్చిన బ్రాంచ్ (కోడ్‌లో ఒక పాయ) పేరును, వాడతారు. అది పుల్ రిక్వెస్ట్ సందర్భంలో మాత్రమే ఉంటుంది; మామూలు పుష్‌కు ఖాళీగా వస్తుంది. అప్పుడు మెయిన్ బ్రాంచ్ రన్, రిలీజ్ బ్రాంచ్ రన్ ఒకే గ్రూపులో పడి పరస్పరం చంపుకుంటాయి. అది ఖాళీగా వచ్చినప్పుడు రన్ ఐడీ (రన్ రన్‌కూ మారే సంఖ్య) తీసుకోవాలని రాస్తే ఈ సమస్య పోతుంది కానీ ఇంకొకటి మిగులుతుంది: ఇద్దరు వేర్వేరు వ్యక్తులు తమ తమ ఫోర్క్‌ల (రిపాజిటరీ సొంత నకళ్ల) నుంచి ఒకే పేరుగల బ్రాంచ్‌తో పుల్ రిక్వెస్ట్ పంపితే, హెడ్ రెఫ్‌లో యజమాని పేరు ఉండదు కనుక ఒకరి రన్ ఇంకొకరిదాన్ని ఆపేస్తుంది. నా సలహా రెఫ్ అనే విలువనే వాడమని. పుల్ రిక్వెస్ట్‌లో దానిలోనే ఆ రిక్వెస్ట్ సంఖ్య ఉంటుంది కాబట్టి ఎవరి గ్రూపు వారిదవుతుంది.

ఒక వర్క్‌ఫ్లో మరొక వర్క్‌ఫ్లోను పిలిచి వాడుకునే చోట ఇంకో ఉచ్చు ఉంది. పిలవబడిన దానిలో వర్క్‌ఫ్లో పేరు అడిగితే పిలిచినదాని పేరే వస్తుంది; రెండింటిలోనూ ఒకే సూత్రంతో గ్రూప్ పేరు రాస్తే తల్లి బిడ్డ కోసం, బిడ్డ తల్లి కోసం ఎదురుచూసే పరిస్థితి వచ్చి, గిట్‌హబ్ దాన్ని డెడ్‌లాక్‌గా గుర్తించి రన్‌ను రద్దు చేస్తుంది. కాంకరెన్సీ విభాగాన్ని పిలిచే ఫైల్‌లో మాత్రమే ఉంచితే చాలు.

తనిఖీలన్నిటినీ రద్దు చేయవచ్చని అన్నాను గానీ, మెయిన్ బ్రాంచ్ మీద నడిచే పరీక్షలను నేను రద్దు చేయనివ్వను. అక్కడ ప్రతి కమిట్‌కూ (నమోదైన ప్రతి మార్పుకూ) ఫలితం ఉంటేనే, ఏదైనా విరిగినప్పుడు ఏ మెర్జ్ దగ్గర విరిగిందో వెతుకులాట లేకుండా తెలుస్తుంది. క్యాన్సిల్ ఇన్ ప్రోగ్రెస్ దగ్గర ట్రూ అని గాక, బ్రాంచ్ మెయిన్ కానప్పుడు మాత్రమే రద్దు చేయమనే షరతు రాయవచ్చు. అయితే షరతు ఒక్కటే చాలదు. మెయిన్ మీది రన్‌లన్నీ ఒకే గ్రూపులో ఉన్నంతకాలం, నడుస్తున్నది ఆగకపోయినా వేచి ఉన్నవి రాలిపోతాయి. ఎందుకు రాలిపోతాయో వరుస గురించి చెప్పేటప్పుడు తెలుస్తుంది. మెయిన్ కమిట్‌లన్నిటికీ ఫలితం కావాలంటే అక్కడ గ్రూప్ పేరులో రన్ ఐడీని చేర్చి, ఏ రన్‌కు ఆ రన్‌నే విడి గ్రూపు చేయాలి.

రద్దు అంటే లోపల ఏం జరుగుతుందో కూడా తెలుసుకుని ఉండాలి. గిట్‌హబ్ రన్నర్ (జాబ్‌లను నడిపే ప్రోగ్రామ్) నడుస్తున్న ప్రక్రియకు ముందుగా ఇంటరప్ట్ సంకేతం పంపి 7,500 మిల్లీసెకన్లు ఆగుతుంది. అప్పటికీ ముగియకపోతే టెర్మినేట్ సంకేతం పంపి మరో 2,500 మిల్లీసెకన్లు చూస్తుంది. ఆ తరువాత ప్రక్రియను బలవంతంగా చంపేస్తుంది. అంటే సర్దుకోవడానికి దొరికే సమయం మొత్తం పది సెకన్లు. యూనిట్ పరీక్షకు పది సెకన్లు కావలసినంత. మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్ నిర్మాణం మారుస్తున్న మైగ్రేషన్‌కు అవి ఏ మూలకూ చాలవు. మైఎస్‌క్యూఎల్‌లో నిర్మాణం మార్చే ప్రతి ఆదేశం తనంతట తానే కమిట్ (ఇక్కడ, డేటాబేస్‌లో ఖరారు) అయిపోతుంది కాబట్టి, అయిదు మార్పులున్న మైగ్రేషన్ మూడో మార్పు తరువాత ఆగితే మొదటి మూడూ వెనక్కి రావు. పోస్ట్‌గ్రెస్‌లో అలాంటి ఆదేశాలను చాలావరకు ఒకే ట్రాన్సాక్షన్‌లో (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అనే కట్టలో) చుట్టవచ్చు కనుక కొంత రక్షణ ఉంటుంది. సర్వర్ల వంటి వసతులను ఏర్పాటు చేసే టెర్రాఫామ్ నడుస్తుండగా చచ్చిపోతే స్టేట్ (ఆ వసతుల రికార్డు) మీది తాళం అలాగే మిగిలి, తరువాత వచ్చినవాళ్లు చేత్తో తీయవలసి వస్తుంది. ఈ కారణంగా మైగ్రేషన్, టెర్రాఫామ్, డిప్లాయ్‌మెంట్ జాబ్‌లు ఉన్న వర్క్‌ఫ్లో మొత్తానికి పైన రద్దు అమరిక పెట్టడం ప్రమాదకరం. తనిఖీలకు ఒక వర్క్‌ఫ్లో, డిప్లాయ్‌మెంట్‌కు మరొక వర్క్‌ఫ్లో విడదీసి, రెండోదానిలో రద్దును ఫాల్స్‌గా ఉంచడం నేను అందరికీ చెప్పే పద్ధతి.

వరుస అనుకున్నది వరుస కాదు

ధరల పేజీ సంఘటన తరువాత మేము చేసింది సరిగ్గా ఇదే. డిప్లాయ్ అనే ఒక గ్రూప్ పెట్టి, రద్దు వద్దని చెప్పి, ఇక ఒకదాని తరువాత ఒకటి నడుస్తాయని ధీమాగా ఉన్నాము. మా రిపాజిటరీలో మూడు సేవలున్నాయి: ధరల పేజీ, మేత దుకాణాల బిల్లింగ్, గుంటల రికార్డులు. ఒక సాయంత్రం మూడింటికీ మార్పులు వెంటవెంటనే మెర్జ్ అయ్యాయి. ధరల డిప్లాయ్‌మెంట్ నడుస్తోంది, బిల్లింగ్ వేచి ఉంది, అంతలో గుంటల రికార్డులది వచ్చింది. బిల్లింగ్ డిప్లాయ్‌మెంట్ రద్దయిపోయింది. ఎర్ర గుర్తు ఉంటే ఎవరైనా ఉలిక్కిపడి చూసేవారు. రద్దుకు వచ్చేది బూడిదరంగు గుర్తు కాబట్టి ఎవరి కళ్లకూ ఆనలేదు. మరుసటి రోజు ఒక మేత దుకాణం యజమాని ఫోన్ చేసి, సరిచేశామన్న బిల్లు ఇంకా పాత లెక్కే చూపిస్తోందని చెప్పేదాకా మాకు తెలియలేదు.

కారణం ఇది. ప్రత్యేకంగా ఏమీ చెప్పకపోతే గిట్‌హబ్ కాంకరెన్సీ గ్రూపులో ఒకటి నడుస్తూ, ఒకటి మాత్రమే వేచి ఉండగలదు. మూడోది వస్తే, వేచి ఉన్న రెండోది రద్దయి ఆ స్థానంలో మూడోది నిలుస్తుంది. క్యాన్సిల్ ఇన్ ప్రోగ్రెస్ ఫాల్స్ అని రాసినా సరే, అది నడుస్తున్నదాన్ని మాత్రమే కాపాడుతుంది. వేచి ఉన్నదాన్ని కాపాడదు. మా జిల్లా నుంచి ఉత్తరంగా చీమకుర్తి వైపు వెళితే గ్రానైట్ రాళ్ల లారీలు కాటా దగ్గర ఆగి ఉండడం కనబడుతుంది. కాటా మీద ఒక లారీ, దాని వెనక ఇంకొకటి ఉండగా మూడోది రాగానే రెండోదాన్ని తూకం వేయకుండా వెనక్కి పంపేశారనుకోండి. మూడో లారీలో రెండో లారీ రాళ్లు కూడా ఉంటే నష్టం లేదు. వేరే రాళ్లయితే రెండో లారీ సరుకు లెక్కలోకే రాదు.

ఎంపికకు ఇదే గీటురాయి. ఒకే యాప్, ఒకే మెయిన్ బ్రాంచ్, ప్రతి డిప్లాయ్‌మెంట్ మొత్తం కోడ్‌నంతా తీసుకెళ్లేటట్లయితే తరువాతి కమిట్‌లో ముందటి మార్పులన్నీ ఉంటాయి. మధ్యది రాలిపోయినా ఫలితం ఒక్కటే, పైగా సమయం కలిసి వస్తుంది. అక్కడ గిట్‌హబ్ మామూలు పద్ధతి లోపం కాదు, మంచి ఎంపిక. మారిన సేవను మాత్రమే పంపే రిపాజిటరీలో ప్రతి సేవకూ వేరే గ్రూప్ పేరు ఉండాలి. మేము గ్రూప్ పేరులో సేవ పేరు, సర్వర్ పేరు రెండూ చేర్చాము. ధరల సేవ పరీక్షా సర్వర్‌కు ఒక గ్రూపు, అసలు సర్వర్‌కు ఇంకో గ్రూపు. ఇక ప్రతి రన్ తప్పకుండా నడిచి తీరవలసిన పనులు, ఉదాహరణకు ప్రతి కమిట్‌కూ వెర్షన్ సంఖ్య వేసి ప్యాకేజీ విడుదల చేసే పనులు, ఒక్కటే వేచి ఉండగల గ్రూపులో ఇమడవు. వాటికి నిజమైన వరుస ఉన్న అమరిక కావాలి.

గిట్‌ల్యాబ్‌లో రిసోర్స్ గ్రూప్ ఆ పని చేస్తుంది. ఒక జాబ్‌కు రిసోర్స్ గ్రూప్ పేరు ఇస్తే, ఆ పేరుగల మిగతా జాబ్‌లన్నీ రద్దు కాకుండా వేచి ఉంటాయి. ఏది ముందు నడవాలన్నది ప్రాసెస్ మోడ్ నిర్ణయిస్తుంది. మొదట్లో ఉండేది అన్ఆర్డర్డ్, అంటే క్రమం గ్యారంటీ లేనిది. పాతది ముందు నడవాలంటే ఓల్డెస్ట్ ఫస్ట్, కొత్తది ముందు నడవాలంటే న్యూయెస్ట్ ఫస్ట్ అని మార్చాలి. ఈ మార్పు ఫైల్‌లో రాసేది కాదు, ఏపీఐ (ప్రోగ్రామ్‌ల నుంచి ఆదేశాలు పంపే మార్గం) ద్వారా చేయాలి. రిసోర్స్ గ్రూప్ పెట్టగానే క్రమం కూడా వచ్చేసిందని భ్రమపడి ఈ అడుగు మరిచిపోయేవారు ఎక్కువ. వెర్షన్ విడుదలల వంటి వాటికి ఓల్డెస్ట్ ఫస్ట్ సరైనది.

తాళం వేరు, క్రమం వేరు

ఇంకో చిక్కు ఉంది, మా మొదటి సంఘటనకు అసలు మూలం అదే. పరీక్షలు కూడా వరుసలో నిలబడి ఆలస్యమవుతున్నాయని, చాలామంది గ్రూపును వర్క్‌ఫ్లో స్థాయి నుంచి తీసి డిప్లాయ్ జాబ్ స్థాయికి మారుస్తారు. పరీక్షలు పక్కపక్కనే నడుస్తాయి, డిప్లాయ్ మాత్రం ఒక్కొక్కటే జరుగుతుంది. చూడడానికి బాగుంది. కానీ కొత్త కమిట్ పరీక్షలు ముందు ముగిస్తే అదే ముందు డిప్లాయ్ అవుతుంది. పాతది నింపాదిగా వచ్చి, గ్రూపు అనే తాళం ఖాళీగా ఉంది కనుక నిరాటంకంగా లోపలికి వెళ్లి పాత కోడ్ పెట్టి వస్తుంది. ఒకేసారి ఇద్దరు లోపల ఉండకూడదని తాళం చూస్తుంది, ఎవరు ముందు వెళ్లాలో చూడదు. గిట్‌హబ్ కూడా గ్రూపులో క్రమానికి హామీ ఇవ్వదు.

దీనికి మూడు సాధనాల్లో మూడు రకాల మందులున్నాయి. గిట్‌ల్యాబ్‌లో కాలం చెల్లిన డిప్లాయ్‌మెంట్ జాబ్‌లను నిరోధించే అమరిక ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ఉంది. కొత్తది డిప్లాయ్ అయిపోయాక పాతదాన్ని అదే ఆపుతుంది. జెంకిన్స్‌లో మైల్‌స్టోన్ అనే అడుగు ఉంది. కొత్త బిల్డ్ ఆ రాయి దాటితే, ఇంకా దాటని పాత బిల్డ్‌లు ఆగిపోతాయి. గిట్‌హబ్‌లో మనమే రాసుకోవాలి. మేము సర్వర్ మీద చివరగా పెట్టిన కమిట్ ఐడీని ఒక ఫైల్‌లో ఉంచి, డిప్లాయ్ జాబ్ లోపల, అంటే తాళం చేతికి వచ్చిన తరువాత, ప్రస్తుత కమిట్ దానికి పూర్వీకురాలా కాదా అని గిట్ మెర్జ్ బేస్ ఆదేశంతో చూస్తాము. పూర్వీకురాలైతే పని ఆపి, కారణం లాగ్‌లో రాసి బయటికి వస్తుంది. రిపాజిటరీ కోడ్‌ను రన్నర్ మీదికి తెచ్చే చెక్అవుట్ యాక్షన్ మామూలుగా చివరి కమిట్ ఒక్కటే తెస్తుంది కాబట్టి, పోల్చడానికి చరిత్ర అంతా కావాలంటే ఫెచ్ డెప్త్‌ను సున్నాగా పెట్టాలి. కావాలని పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లవలసిన రోజు ఈ తనిఖీయే అడ్డుపడుతుంది గనుక, చేత్తో నడిపే వర్క్‌ఫ్లోలో దాన్ని దాటించే ఎంపిక ఒకటి పెట్టుకోవడం అవసరం.

గిట్‌ల్యాబ్‌లో తనిఖీల రద్దు సంగతి కూడా చెప్పాలి. అక్కడ జాబ్ జాబ్‌కూ ఇంటరప్టిబుల్ అనే గుర్తు ఉంటుంది. రాయకపోతే ఫాల్స్ అని అర్థం. కొత్త కమిట్ వచ్చినప్పుడు కన్సర్వేటివ్ అనే మామూలు పద్ధతిలో, ఇంటరప్టిబుల్ కాని జాబ్ ఒక్కటి మొదలైనా పైప్‌లైన్ మొత్తం ఇక రద్దు కాదు. మొదటి దశలో చిన్న తయారీ జాబ్‌కు ఈ గుర్తు పెట్టడం మరిచిపోయి, మిగతా అన్నిటికీ పెట్టి, రద్దు ఎందుకు పనిచేయడం లేదని వెతికేవారిని చూశాను. గిట్‌హబ్‌లో ఆపవచ్చు, ఆపకూడదు అన్న తేడాను నేను ఫైళ్లు విడదీసి సాధిస్తాను. గిట్‌ల్యాబ్‌లో ఒకే పైప్‌లైన్‌లో జాబ్ వారీగా చెప్పవచ్చు. డిప్లాయ్‌మెంట్‌లు సంక్లిష్టంగా ఉన్న బృందానికి ఈ ఒక్క కారణంతోనే నేను గిట్‌ల్యాబ్ వైపు మొగ్గుతాను.

జెంకిన్స్ ఇప్పటికే సొంత సర్వర్ మీద నడుస్తున్నవారు దాన్ని వదలనక్కరలేదు. డిజేబుల్ కాంకరెంట్ బిల్డ్స్ అనే ఎంపికతో ఒక జాబ్‌లో ఒకే బిల్డ్ నడుస్తుంది. దానికే అబార్ట్ ప్రీవియస్ చేరిస్తే కొత్తది పాతదాన్ని ఆపుతుంది. అయితే మల్టీబ్రాంచ్ పైప్‌లైన్‌లో ప్రతి బ్రాంచ్ ఒక విడి జాబ్ కాబట్టి, ఈ ఎంపిక బ్రాంచ్‌ల మధ్య పనిచేయదు. రెండు బ్రాంచ్‌లు ఒకే పరీక్షా సర్వర్‌ను వాడుతుంటే లాకబుల్ రిసోర్సెస్ ప్లగిన్ ఇచ్చే లాక్ అడుగు తప్పనిసరి. లాక్, మైల్‌స్టోన్ రెండూ కలిపి వాడితే తాళమూ వస్తుంది, క్రమమూ వస్తుంది.

ఆఫీసులో ఒక పాత కంప్యూటర్‌ను సొంత రన్నర్‌గా పెట్టుకునే బృందాలు నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఉన్నాయి. రన్నర్ ఒకటే, అది ఒక సమయంలో ఒకే జాబ్ చేస్తుంది, కాబట్టి తమకు ఈ గొడవ లేదని వారు అంటుంటారు. అది సరి కాదు. రన్నర్ జాబ్‌ల మధ్య వర్క్‌ఫ్లోలను కలగాపులగం చేయగలదు: మొదటి రన్ బిల్డ్, రెండో రన్ బిల్డ్, రెండో రన్ డిప్లాయ్, ఆపై మొదటి రన్ డిప్లాయ్ అనే వరుసలో నడవకూడదన్న నియమమేమీ లేదు. రెండో రన్నర్ చేర్చిన రోజు ఉన్న కొద్దిపాటి రక్షణ కూడా పోతుంది. గ్రూప్ పేరు మొదటి రోజు నుంచే రాసిపెట్టుకోవాలి.

పుల్ రిక్వెస్టులు రోజుకు పదుల సంఖ్యలో మెర్జ్ అయ్యే పెద్ద బృందాలకు మెర్జ్ క్యూ (మెర్జ్‌లను వరుసలో పెట్టి పరీక్షించి కలిపే సదుపాయం) ఉపయోగపడుతుంది. అయిదారుగురు ఉన్న చోట దాని నిర్వహణ భారమే ఎక్కువని నా అభిప్రాయం.

వరుస పద్ధతి ఎంచుకున్న ప్రతివారూ చేయవలసిన ఇంకొక పని కాలపరిమితి పెట్టడం. గిట్‌హబ్‌లో వేరే చెప్పకపోతే ఒక జాబ్ 360 నిమిషాల దాకా నడవగలదు. సర్వర్‌తో సంబంధం తెగి డిప్లాయ్‌మెంట్ ఎక్కడో ఇరుక్కుపోతే, ఆ ఆరు గంటలూ తాళం దాని చేతిలోనే ఉంటుంది, వెనక ఉన్నది కదలదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు పట్టే కాలంలో మా కోస్తాలో కరెంటూ ఇంటర్నెట్టూ పోతూ వస్తూ ఉంటాయి, ధరలు చూసే రైతులు కూడా ఆ రోజుల్లోనే ఎక్కువ. వాన ముదిరేలోపు పట్టుబడి చేయాలా వద్దా అని వారు తేల్చుకునేది ఆ ధర చూసే. మా డిప్లాయ్ జాబ్ సాధారణంగా ఆరు నిమిషాల్లో ముగుస్తుంది. పరిమితిని 20 నిమిషాలుగా పెట్టాము, రద్దయిన ప్రతి డిప్లాయ్‌మెంట్‌కూ బృందం గ్రూపులో సందేశం వచ్చేటట్లు చేశాము. ఆ సందేశం కోసం వేరే వర్క్‌ఫ్లో రాశాము, ఎందుకంటే వరుసలో వేచి ఉండగానే రద్దయిన రన్‌లో చివరి అడుగుగా పెట్టిన సందేశం పోదు, దానిలో ఏ అడుగూ మొదలే కాదు కనుక.